పసుపు కొమ్ము – పసుపు గుళిక

పసుపు లేని తెలుగు ఇల్లు లేదు. గడపకు పసుపు, తులసికోటకు పసుపు, పెండ్లికూతురి పాదాలకు పసుపు, పొయ్యిమీది పప్పులో పసుపు. హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, యానాంలో ఉన్నా మన ఇళ్ళలో ఈ ఆచారం మారదు. ఇరుగుపొరుగువారు మాత్రం దీనిని తలా ఒక పేరుతో పిలుస్తారు. తమిళులకు ఇది మంజళ్. కన్నడిగులకు అరిశిన. మరాఠీవారికి హళద్. ఒడియావారికి హళదీ. పేరు ఏదైనా డబ్బాలో ఉన్న పొడి ఒక్కటే.

ఇటీవలి సంవత్సరాలలో ఈ పసుపు మరొక రూపంలో మన ఇళ్ళకు వస్తున్నది. మందుల దుకాణంలో గుళికలుగా దొరుకుతున్నది. విదేశాలనుంచి వచ్చే బంధువులు పెద్దవారికోసం పెద్ద సీసాలలో తెస్తున్నారు. కీళ్ళనొప్పులకు మంచిదని, గుండెకు మంచిదని, కాలేయానికి మంచిదని వాటిమీద రాసి ఉంటుంది. "మన పసుపే కదా, ఎంత తింటే ఏమి?" అని పెద్దవాళ్ళు మింగేస్తున్నారు. మన పసుపు, ఆ గుళికలోని పసుపు ఒకటేనా? ఆ సంగతి ఈ పాఠంలో తెలుసుకుందాం.

పసుపు అల్లం కుటుంబానికి చెందిన మొక్క. ఏలకులు కూడా ఆ కుటుంబానివే. పసుపు మొక్క పూస్తుంది కాని విత్తనం కట్టదు. అందుచేత దుంపముక్కలనే తిరిగి నాటుతారు. తొలకరికి నాటిన పంట సంక్రాంతి దాటిన తరువాత తవ్వకానికి వస్తుంది. తవ్విన కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, పైపొట్టు పోయి నునుపు తేలేవరకు దొర్లించి మెరుగు పెడతారు. ఈ మెరుగు పెట్టే పనిని గుర్తుంచుకోండి. దానితో మనకు ముందుముందు పని ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో దుగ్గిరాల, తెలంగాణలో నిజామాబాదు పసుపు మార్కెట్లకు పేరు పొందాయి. అయితే పసుపు ఒక్క తెలుగు నేలదే అనుకోకూడదు. తమిళనాడులోని ఈరోడ్డును పసుపు నగరమని పిలుస్తారు. ఒడిశాలోని కంధమాల్ కొండలలో గిరిజన రైతులు పండించే పసుపుకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. మహారాష్ట్రలోని సాంగ్లీ సంగతి మరీ చిత్రం. దాని పక్కనున్న హరిపూర్‌లో భూమిలో లోతుగా గోతులు తవ్వి పసుపును నిలవచేసేవారు. మనం ధాన్యపు పాతర అంటామే, అటువంటిదే ఈ పసుపు పాతర. 2005లో వచ్చిన వరదలకు ఆ పాతరలు చాలావరకు పాడయ్యాయి.

పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం పేరు కర్క్యుమిన్. 1815లో దీనిని మొదటిసారి పసుపునుంచి వేరుచేశారు. దాని అణునిర్మాణం మాత్రం 1910లో గాని తెలియలేదు. మనం వాడే పసుపుపొడిలో కర్క్యుమిన్ సుమారు నూటికి మూడు పాళ్ళు ఉంటుంది. మిగిలినది పిండిపదార్థం, పీచు, నూనె, తేమ వగైరా.

కర్క్యుమిన్‌కు ఒక తమాషా గుణం ఉంది. పసుపునీటిలో తడిపి ఆరబెట్టిన కాగితంమీద ఒక చుక్క సున్నపుతేట వేసి చూడండి. చుక్క పడినచోట ఎర్రబడుతుంది. దానిమీద నిమ్మరసం పిండితే మళ్ళీ పచ్చబడుతుంది. హారతి పళ్ళెంలోని నీళ్ళు ఎర్రగా ఉండటానికి, పసుపుతో కుంకుమ తయారుకావటానికి కారణం ఇదే. పప్పు ఒలికిన చొక్కాకు సబ్బు రుద్దినప్పుడు మరక ఎర్రబడటం మీరు చూసే ఉంటారు. సున్నంలోను, సబ్బులోను ఉన్న క్షారం కర్క్యుమిన్‌తో కలిసి చేసే పని అది.

గాయం తగిలితే పసుపు అద్దటం, జలుబు చేస్తే పాలలో పసుపు, మిరియాల పొడి కలిపి తాగించటం, బెణికినచోట పసుపు, సున్నం కలిపి పట్టు వేయటం మన పెద్దలు ఎంతోకాలంగా చేస్తున్నవే. అయినా 1995లో అమెరికా ప్రభుత్వం ఒక వింతపని చేసింది. గాయాలు మానటానికి పసుపు వాడే పద్ధతిమీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి పేటెంటు హక్కు ఇచ్చింది. దానిని కోరిన పరిశోధకులిద్దరూ భారతీయ సంతతివారే! మన దేశంలోని శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో దానిని సవాలు చేసింది. అప్పుడు ఆ మండలికి అధిపతి రఘునాథ్ మషేల్కర్. సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథాలనుంచి, 1953లో భారతీయ వైద్యసంఘం పత్రికలో వచ్చిన వ్యాసంనుంచి మొత్తం 32 ఆధారాలు చూపారు. 1997 ఆగస్టులో ఆ పేటెంటు రద్దయింది.

ఈ గెలుపును మనం గర్వంగా చెప్పుకొంటాం. చెప్పుకోవలసిందే. అయితే ఆ తీర్పు చెప్పినది ఒక్కటే: పసుపును గాయాలకు వాడటం కొత్త విషయం కాదని. పసుపు అన్ని రోగాలనూ నయంచేస్తుందని ఏ న్యాయాధికారీ చెప్పలేదు. జ్ఞానం పాతది కావటం వేరు, అది రుజువు కావటం వేరు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు.

మరి రుజువుల సంగతి ఏమిటి?

పరీక్షనాళికలో కర్క్యుమిన్ చాలా పనులు చేస్తుంది. వాపును కలిగించే రసాయనాలను అణచివేస్తుంది. కొన్ని సూక్ష్మజీవులను చంపుతుంది. గాజుపళ్ళెంలో పెంచిన కాన్సరు కణాలనూ చంపుతుంది. పత్రికలలో మనం చదివే అద్భుతాలు చాలావరకు ఈ గాజుపళ్ళెం అద్భుతాలే. మనుషులమీద ప్రయోగాలకు వచ్చేసరికి ఫలితాలు చిన్నబోయాయి. అమెరికా రసాయన శాస్త్రజ్ఞులు కొందరు అప్పటివరకు జరిగిన పరిశోధనలను పరిశీలించి 2017లో ఒక సమీక్ష ప్రచురించారు. మనుషులమీద నూట ఇరవైకి పైగా ప్రయోగాలు జరిగినా, ఉత్తుత్తి మాత్రతో పోల్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా గట్టిగా జరిపిన పరీక్షలో కర్క్యుమిన్ నెగ్గిన దాఖలా లేదని వారు రాశారు. వారు మరొక సంగతి కూడా చెప్పారు. కర్క్యుమిన్ తనంతట తానే మెరుస్తుంది, తొందరగా విరిగిపోతుంది, ఎదురైన ప్రతి పదార్థంతోనూ కలుస్తుంది. అందుచేత ప్రయోగశాలలోని పరికరాలను అది మోసం చేయగలదు. పని చేయకపోయినా చేసినట్లు చూపగలదు.

అలాగని మేలు ఏమీ లేదనటమూ సరికాదు. మోకాలి కీళ్ళు అరిగినవారి విషయంలో కొంత ఆశ కనిపించింది. థాయిలాండులో 367 మంది రోగులతో జరిపిన ఒక పరిశోధన 2014లో వెలువడింది. సగంమందికి రోజుకు 1500 మిల్లీగ్రాముల పసుపుసారం ఇచ్చారు. మిగిలినవారికి నొప్పులకు వాడే ఐబూప్రోఫెన్ 1200 మిల్లీగ్రాములు ఇచ్చారు. నాలుగు వారాల తరువాత రెండు వర్గాలవారికీ నొప్పి దాదాపు ఒకే విధంగా తగ్గింది. కడుపునొప్పి వంటి బాధలు పసుపు తీసుకున్నవారిలో తక్కువ. ఇది మంచి వార్తే. కాని అది నాలుగు వారాల సంగతి మాత్రమే. సంవత్సరాల తరబడి మింగితే ఏమవుతుందో నాలుగు వారాల పరిశోధన చెప్పలేదు.

ఇంతకూ గాజుపళ్ళెంలో అంత చురుకుగా ఉండే కర్క్యుమిన్ మన ఒంట్లో ఎందుకు డీలాపడుతుంది? అది నీటిలో కరగదు. తిన్నదానిలో చాలాభాగం అలాగే బయటికి పోతుంది. లోపలికి చేరిన ఆ కాస్తను పేగుల గోడలు, కాలేయం వెంటనే పట్టుకొని, దానికి మరొక పదార్థాన్ని అతికించి, రూపు మార్చి బయటికి పంపుతాయి. బెంగళూరులోని సెయింట్ జాన్స్ వైద్యకళాశాల పరిశోధకులు ఈ విషయంమీద 1998లో ప్రచురించిన పరిశోధన ప్రసిద్ధమైనది. ఆరోగ్యవంతులకు రెండు గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇస్తే అది రక్తంలో కనిపించీ కనిపించనంతగా ఉంది. దానితోపాటు 20 మిల్లీగ్రాముల పైపరీన్ ఇస్తే శరీరానికి అందిన కర్క్యుమిన్ దాదాపు ఇరవై రెట్లు పెరిగింది. పైపరీన్ అంటే మరేమీ కాదు. మిరియానికి ఆ ఘాటునిచ్చే పదార్థం.

మన అమ్మమ్మలు పసుపుపాలలో మిరియం కలిపింది ఇందుకేనా అని మీకు అనిపించవచ్చు. వాళ్ళు గొంతు గరగర తగ్గటానికి కలిపారు. ఈ లెక్క వాళ్ళకు తెలుసునని చెప్పటం మన ముచ్చట మాత్రమే. కాని గుళికలు తయారుచేసేవారికి ఈ లెక్క బాగా తెలుసు. అందుకే చాలా గుళికలలో పసుపుసారంతోపాటు మిరియపు సారమూ ఉంటుంది. ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. పైపరీన్ కర్క్యుమిన్‌కు దారి తెరవటమంటే, పేగులలోను, కాలేయంలోను కాపలా కాసే యంత్రాంగాన్ని కొంతసేపు మందగింపజేయటమే. ఆ యంత్రాంగం కర్క్యుమిన్‌కోసం పుట్టినది కాదు. మనం మింగే అనేక మందులను అదే సంబాళిస్తుంది. కాపలా సడలితే ఆ మందులు కూడా రక్తంలో మోతాదుకు మించి నిలిచిపోవచ్చు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక గుళికలో 500 మిల్లీగ్రాముల పసుపుసారం ఉందనుకోండి. దానిలో నూటికి 95 పాళ్ళు కర్క్యుమిన్, దాని సోదర పదార్థాలు. అంటే 475 మిల్లీగ్రాములు. మామూలు పసుపులో ఇవి నూటికి మూడు పాళ్ళే కనుక, అంత కర్క్యుమిన్ వంటద్వారా రావాలంటే సుమారు 16 గ్రాముల పసుపు తినాలి. రోజుకు మూడు గుళికలైతే 47 గ్రాములు దాటుతుంది. ఒక ఇంట్లో రోజూ వండే కూరలన్నింటిలో కలిపినా అంత పసుపు పడదు. పడితే ఆ కూర ఎవరూ నోట పెట్టరు. ఆహారంలో రంగుగా వాడే కర్క్యుమిన్ జీవితాంతం రోజూ ఎంత తిన్నా ఫరవాలేదో అంతర్జాతీయ నిపుణుల సంఘం ఒక హద్దు పెట్టింది. మనిషి బరువులో కిలోకు 3 మిల్లీగ్రాములు. అరవై కిలోల పెద్దమనిషికి ఇది 180 మిల్లీగ్రాములు. ముప్ఫై కిలోల బరువున్న విద్యార్థికి 90. ఒకరోజు ఈ గీత దాటితే విషమవుతుందని కాదు. కాని వంటింటి పసుపు ఈ గీతకు ఇవతల ఉంటుంది. గుళిక ఒక్కటే గీత దాటుతుంది. కనుక తరతరాలుగా పసుపు తింటున్నాం, మనకు ఏమీ కాలేదు అన్న వాదన గుళికకు వర్తించదు. మన తాతలు తిన్నది అది కాదు.

2019లో ఇటలీ దేశపు ఆరోగ్యశాఖ వరుసగా కొన్ని హెచ్చరికలు చేసింది. పసుపుసారం మాత్రలు వాడినవారిలో కొందరికి కాలేయం వాచి కామెర్లు వచ్చాయి. తరువాత అమెరికాలో, మందులవల్ల కలిగే కాలేయవ్యాధులను నమోదుచేసే వైద్యుల బృందం 2022లో పది కేసులను వివరంగా ప్రచురించింది. ఆ పదిమందిలో ఐదుగురు ఆసుపత్రిలో చేరవలసివచ్చింది. ఒకరు మరణించారు. చాలామందికి పసుపు మానిన తరువాత కాలేయం కుదుటపడింది. పరీక్షించిన కొన్ని ఉత్పత్తులలో పైపరీన్ కూడా కనిపించింది. అన్నింటికంటే విశేషమైన సంగతి మరొకటి ఉంది. పదిమందిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యులక్షణం ఉంది. అంటే కొందరి శరీరతత్వమే దీనికి లొంగేలా ఉంటుందన్నమాట. ఆ కొందరు ఎవరో ముఖం చూసి చెప్పలేం. వారికి కూడా తెలియదు.

లక్షలమంది వాడే వస్తువులో పదిమందికి ఆపద కలిగిందంటే అది అరుదైన విషయమే. భయపడి పప్పులో పసుపు మానవలసిన పని లేదు. కాని కాలేయాన్ని కాపాడుతుందని చెప్పి అమ్మే వస్తువే కాలేయాన్ని దెబ్బతీయటం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఇటలీవారు 2022లో, పసుపు ఉత్పత్తులమీద కాలేయానికి మేలు అని రాయకూడదని, హెచ్చరిక ముద్రించాలని నియమం పెట్టారు.

కాలేయం ఒక్కటే కాదు. కర్క్యుమిన్ పిత్తాశయాన్ని ముడుచుకొనేటట్లు చేస్తుంది. పిత్తాశయంలో రాళ్ళున్నవారికి ఇది మంచిది కాదు. పసుపులో ఆక్సలేటు ఉంటుంది కనుక, మూత్రపిండాలలో ఆ రకపు రాళ్ళు ఏర్పడేవారు పెద్ద మోతాదులో తీసుకోకూడదు. రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవారి సంగతి మా ఇంట్లోనే చూశాను.

మా అక్కయ్యకు గుండెజబ్బు. ఏళ్ళతరబడి వార్ఫరిన్ అనే మాత్ర వేసుకొంటున్నది. మోకాళ్ళనొప్పులు కూడా ఉన్నాయని మనుమడు విదేశంనుంచి పసుపు గుళికల సీసా తెచ్చి ఇచ్చాడు. ప్రేమతోనే తెచ్చాడు. కొన్ని వారాలకు ఆమె చేతులమీద ఏ దెబ్బా తగలకుండానే కమిలిన మచ్చలు కనిపించాయి. పండ్లు తోముకొంటే నెత్తురు వచ్చేది. డాక్టరుగారు అడిగారు, "అమ్మా! నేను రాసినవి కాక ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని. "ఏమీ లేవు బాబూ" అన్నది అక్కయ్య. ఆమె అబద్ధం చెప్పలేదు. పసుపును ఆమె మందుల లెక్కలో వేయలేదు, అంతే. వెంట వెళ్ళిన మనుమరాలు ఎనిమిదో తరగతి చదువుతున్నది. ఆ పిల్ల, "అమ్మమ్మా, ఆ పసుపు బిళ్ళల సంగతి చెప్పు" అన్నది. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించారు. రక్తం గడ్డకట్టటానికి పట్టే సమయం ఉండవలసినదానికంటే బాగా పెరిగింది. గుళికలు ఆపించి, మాత్ర మోతాదు సరిచూశారు. శస్త్రచికిత్సకు వెళ్ళేవారికి కూడా ఇటువంటి గుళికలు ముందుగానే మానమని వైద్యులు చెప్పటం ఇందుకే.

ఇక పొడి పసుపు సంగతి. అందులో ప్రమాదం పసుపువల్ల కాదు, కలిపేవారివల్ల. ఇందాక కొమ్ములకు మెరుగు పెడతారని చెప్పుకొన్నాం. బంగ్లాదేశ్‌లో ఆ సమయంలోనే కొమ్ములకు లెడ్ క్రోమేట్ అనే పచ్చటి రంగు పట్టించేవారు. అది సీసం అనే లోహంతో చేసిన రంగు. 1980ల నాటి వరదలలో తడిసి రంగు మాసిన పసుపును అమ్ముకోవటానికి ఈ అలవాటు మొదలైందని అక్కడి పరిశోధకులు 2019లో తేల్చారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదు. సంగతి బయటపడిన తరువాత ఆ దేశ ప్రభుత్వం టోకు మార్కెట్లలో తనిఖీలు, జరిమానాలు మొదలుపెట్టింది. 2019లో మార్కెట్లో తీసిన నమూనాలలో దాదాపు సగం సీసంతో కల్తీ అయినవి. 2021 నాటికి అటువంటివి ఒక్కటీ దొరకలేదు. మన దేశంలోను ఈ కల్తీ లేకపోలేదు. పాట్నాలో తీసిన నమూనాలు కొన్నింటిలో సీసం విపరీతంగా ఉన్నట్లు తరువాత వచ్చిన పరిశోధన చూపింది.

కొమ్ములు కొని దంచుకొంటే కల్తీ ఉండదని మనవారు అంటారు. పొడిలో పిండి కలపటం, మెటానిల్ యెల్లో అనే రంగు కలపటం వంటివి దీనివల్ల తప్పుతాయి. కాని లెడ్ క్రోమేటును కొమ్ముమీదే పట్టిస్తారు కనుక, కళ్ళు జిగేలుమనేటంత పచ్చగా ఉన్న కొమ్మును చూసి మురిసిపోకూడదు. కొంచెం మాసినట్లుండే కొమ్మే మేలు. పొడికి ఒక చిన్న పరీక్ష ఉంది. గాజుగ్లాసు నీళ్ళలో ఒక చెంచా పొడి వేసి కదపకుండా ఉంచాలి. మంచి పసుపు అడుగుకు దిగి, పైన నీళ్ళు లేత పసుపురంగులో ఉంటాయి. రంగు కలిపినదైతే దిగుతూ దిగుతూ నీళ్ళన్నీ చిక్కటి పచ్చగా మారుస్తుంది. సీసం ఉందో లేదో మాత్రం ఈ పరీక్షవల్ల తెలియదు. దానికి ప్రయోగశాల కావాలి.

చట్టాల మాట కూడా కొంచెం చెప్పుకోవాలి. మన దేశంలో మందులతో ఫలానా జబ్బులు నయమవుతాయని అబద్ధపు ప్రకటనలు చేయకుండా 1954లోనే ఒక చట్టం వచ్చింది. ఆహార అనుబంధాలుగా అమ్మే గుళికలకు ఆహార భద్రతా సంస్థ 2016లో నియమాలు ప్రకటించింది. అమెరికాలో 1994 నాటి చట్టం ప్రకారం ఇటువంటి గుళికలను అమ్మకముందు అవి పనిచేస్తాయని ప్రభుత్వానికి రుజువు చేయనక్కరలేదు. ఆపద వచ్చిన తరువాతే ప్రభుత్వం కలుగజేసుకొంటుంది. కనుక అమెరికా సీసా అయినంతమాత్రాన అది పరీక్షకు నిలిచినదని అర్థం కాదు.

ఆ సీసామీది రాతలు సాధారణంగా ఇంగ్లీషులో ఉంటాయి. మీ అమ్మమ్మ, తాతయ్య చదవలేకపోవచ్చు. మీరు చదవగలరు. ఒక్కొక్క గుళికలో ఎన్ని మిల్లీగ్రాముల సారం ఉందో, అందులో కర్క్యుమిన్ పాళ్ళు ఎన్నో, రోజుకు ఎన్ని వేసుకోమన్నారో చూడండి. పైపరీన్ అనిగాని, నల్లమిరియాల సారం అనిగాని రాసి ఉందేమో వెతకండి. చిన్న అక్షరాలలో ఉండే హెచ్చరిక సాధారణంగా వెనుకవైపు అడుగున ఉంటుంది. ఇవన్నీ ఒక కాగితంమీద తెలుగులో రాసి, వారు వేసుకొనే మిగిలిన మందుల చీటీతోపాటు పెట్టండి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ సీసాను కూడా సంచిలో వేయండి. సీసా తెచ్చినప్పటినుంచి ఎవరికైనా ఆకలి మందగించి, ఒళ్ళు తూలి, మూత్రం ముదురురంగులోకి మారి, కళ్ళు పచ్చబడితే గుళిక ఆ పూటే ఆపించి, ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి.